కచేరీ అయ్యాక రాసినవాళ్ళు

డిసెంబరు వస్తే చాలు, మన గోడలన్నీ వేదిక మీద కూర్చున్నవాళ్ళ ఫొటోలతో నిండిపోతాయి. ఈసారి వేదిక కింద ఉన్నవాళ్ళ గురించి రాస్తాను. జంపఖానాలు పరిచి, టిక్కెట్లు చింపి, పాడినాయనను బండెక్కించి పంపినవాళ్ళు ఉన్నారు. కచేరీ అయ్యాక ఇంటికెళ్ళి, విన్నదాన్ని నాలుగు ముక్కల్లో కాగితం మీద పెట్టినవాళ్ళు ఉన్నారు. వీళ్ళలో చాలామందికి జీతం లేదు. పగలు కోర్టులోనో ఆఫీసులోనో పని, సాయంత్రం ఈ పిచ్చి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకోండి.

ఇప్పటి పిల్లలు ఇండిపెండెంట్ మ్యూజిక్ అంటారు. సినిమా అండ, పెద్ద కంపెనీ అండ లేకుండా, ఊళ్ళో వినేవాళ్ళ మీదే బతికే సంగీతం అని అర్థం. ఆ లెక్కన చూస్తే నూరేళ్ళ క్రితం మద్రాసులో కర్ణాటక సంగీతమూ అలాంటిదే. 1855లో తంజావూరు సంస్థానం కంపెనీ చేతిలోకి పోయింది. కొలువులు పోయిన విద్వాంసులకు పట్నమే దిక్కయింది. పట్నంలో రాజు లేడు. దుబాసీల ఇళ్ళు కొన్నాళ్ళు ఆదుకున్నాయి. ఆ తరువాత చందాలు, టిక్కెట్లు, గౌరవ కార్యదర్శులు. అంటే సభలు.

సభల కంటే ముందు పుస్తకాలొచ్చాయి, అవి తెలుగులో వచ్చాయి. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1859లో వీణ రామానుజయ్యగారి 'సంగీత సర్వార్థ సార సంగ్రహము' మద్రాసులో తెలుగు లిపిలో అచ్చయింది. ఆ తరువాత తచ్చూరు సింగరాచార్యులు, చిన్న సింగరాచార్యులు అనే అన్నదమ్ములు 'గాయక పారిజాతము', 'గాయక సిద్ధాంజనము', 'గాయక లోచనము' అంటూ వరసగా పుస్తకాలు వేశారు. వీణ కుప్పయ్యరు కొడుకు తిరువొత్తియూరు త్యాగయ్య 1900లో 'పల్లవి స్వరకల్పవల్లి' వేశారు. అదీ తెలుగు లిపే. వీళ్ళందరి ఇంటి భాషా తెలుగని అనుకోకండి. సంగీతం నేర్చుకునేవాడికి తెలుగు లిపి రావాలన్నది అప్పట్లో మామూలు మాట. తమిళులు కూడా తెలుగు అక్షరాలు నేర్చుకునే పాఠం మొదలుపెట్టేవాళ్ళు.

ఇదే కాలంలో పూనాలో గాయన్ సమాజ్ అని ఒక సంఘం 1874లో పుట్టింది. దాని శాఖ మద్రాసులో 1883లో వెలిసింది. సమావేశాల వివరాలు, ఉపన్యాసాలు అన్నీ కూర్చి 1887లో ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చారు. ఊళ్ళో జరిగే సంగీతాన్ని ఊళ్ళోవాళ్ళే రాసిపెట్టుకోవాలన్న ఆలోచన మనకు అచ్చులో కనబడే తొలి చోట్లలో అదొకటి. పూనాలో ఉన్న మన మిత్రులు దీన్ని గమనించాలి. మద్రాసుకు ఈ అలవాటు అందించడంలో మీ ఊరి వాటా ఉంది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. ఏ.ఎం. చిన్నస్వామి ముదలియారు. ఎం.ఏ. చదివారు, సచివాలయంలో ఉద్యోగం, మతం రోమన్ కాథలిక్కు, మాతృభాష తమిళం. ఆయనకు త్యాగరాజు కృతులను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించాలని పట్టుదల పుట్టింది. అలా ఎక్కిస్తే ప్రపంచంలో ఎవరైనా చదువుకుని వాయించగలరు, పాటలు చెడిపోకుండా నిలుస్తాయి అని నమ్మకం. 1892 నుంచి చిన్నచిన్న సంచికలుగా అచ్చు వేయడం మొదలుపెట్టారు. త్యాగరాజు శిష్య పరంపరలోని వాళ్ళను పిలిపించుకుని పాడించుకోవడం, విన్నది రాసుకోవడం, మళ్ళీ పాడించుకుని సరిచూసుకోవడం. ఒక్కో పాటకు ఎంత పని పడుతుందో ఊహించండి. టేపు రికార్డరు లేదు, తప్పు దొర్లితే మళ్ళీ మనిషినే పిలవాలి. ఖర్చంతా సొంత డబ్బు. చందాదారులు అనుకున్నంత మంది రాలేదు. డబ్బు కరిగింది, చూపు దెబ్బతింది.

అయినా ఆయన చేసిన పెద్ద పని ఇంకొకటి ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడి మనవడు సుబ్బరామ దీక్షితులు ఎట్టయాపురం సంస్థానంలో విద్వాంసులు. ఆయన దగ్గర ఉన్న కృతుల నిధి సంగతి ముదలియారుకు తెలుసు. సంప్రదాయం ప్రకారం అలాంటివి ఇంటి గడప దాటవు. ముదలియారు ఆయన్ను ఒప్పించారు, ఎట్టయాపురం ప్రభువుకూ విన్నవించారు. ఆ జమీందార్లు తెలుగు మూలాలున్న వాళ్ళేనని ఇక్కడ గుర్తుచేస్తున్నాను. చివరికి 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడింది. ఎట్టయాపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో, సుమారు 1,700 పేజీలు, తెలుగు లిపిలో, గమకాలకు వేరే సంకేతాలతో. దక్షిణాన తిరునెల్వేలి సీమలో, తమిళం మాట్లాడే ఊళ్ళో, తమిళుడు రాసిన ఆ పుస్తకం తెలుగులో అచ్చయింది. అందులో వాగ్గేయకారుల చరిత్రలు కూడా చేర్చారు. ఎవరు ఎవరి శిష్యులు, ఏ సంస్థానంలో ఉన్నారు, ఏమి రచించారు అన్న సంగతులు ఒకచోట కూర్చినది ఆ పుస్తకమే. ఇవాళ పాత విద్వాంసుల గురించి ఎవరు ఏమి రాసినా దాన్ని తిరగేయక తప్పదు.

ఈ కథలో నాకు నచ్చేది ఒకటుంది. కాథలిక్ గుమాస్తాకు దీక్షితులవారి నవావరణ కృతులతో పనేమిటి? ఎవరూ అడగలేదు, ఆయనే పూనుకున్నాడు. ఇప్పుడు మతాన్ని బట్టి పాటను కొలిచేవాళ్ళు ఆయన పేరు విని ఉండరు.

సభల సంగతి. తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామి సభ 1900 నాటిది. తరువాత మైలాపూరులో, ఎగ్మూరులో, జార్జిటౌనులో ఒక్కొక్కటే లేచాయి. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు పక్కనే అఖిల భారత సంగీత సమావేశం పెట్టారు. దాని ఫలంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ప్రారంభమైంది. మొదటి అధ్యక్షులు వైద్యులు యు. రామారావుగారు. కార్యదర్శుల్లో ఇ. కృష్ణయ్యరు అనే వకీలు ఉన్నారు. ఈయన సదిర్ నాట్యం మీద పడ్డ మచ్చ పోగొట్టాలని తానే ఆడవేషం కట్టి ఆడినవాడు. 1933లో అప్పటి విద్వాంసుల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. బతికున్నవాళ్ళ గురించి, వాళ్ళ మంచిచెడ్డలతో సహా రాయడం అప్పటికి కొత్త. పోయినవాళ్ళను పొగడటం సులువు. రేపు సాయంత్రం అదే సభలో ఎదురయ్యే మనిషి గురించి, గొంతు బిగుసుకుపోయింది అని రాయాలంటే కొంచెం గుండె ఉండాలి.

అకాడమీ చేసిన పనుల్లో డిసెంబరు కచేరీలు అందరికీ తెలుసు. నా దృష్టిలో అంతకన్నా గొప్పది 1930లో మొదలుపెట్టిన జర్నల్. పొద్దున పూట పండితులు కూర్చుని ఒక్కో రాగం తీసుకుని, ఈ స్వరం ఇలా వస్తుందా అలా వస్తుందా, మీ గురువుగారి పాఠంలో ఎలా ఉంది అని వాదించుకునేవాళ్ళు. ఆ వాదనలన్నీ ఎవరేమన్నారో పేర్లతో సహా అందులో అచ్చయ్యాయి. టి.వి. సుబ్బారావుగారు, తరువాత వి. రాఘవన్‌గారు సంపాదకత్వం చూశారు. రాఘవన్‌గారు విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యులు. సంస్కృత గ్రంథాల మహా సూచిక తయారు చేసే బరువు నెత్తిన ఉండగానే 1944 నుంచి 1979లో పోయేదాకా అకాడమీ కార్యదర్శిగా చేశారు. పాత సంచికలు తిరగేస్తే పెద్దపెద్ద విద్వాంసులు తగవులాడుకున్నది కూడా కనిపిస్తుంది. సరదాగా ఉంటుంది, చదవండి.

అయితే ఈ రాతల్లో పడనివాళ్ళు చాలామంది ఉన్నారన్నది దాచకూడదు. రాసేవాళ్ళు ఎక్కువగా మైలాపూరు, తిరువల్లిక్కేణి చదువుకున్న మగవాళ్ళు. నాగస్వరం వాళ్ళ గురించి, గుళ్ళో పాడినవాళ్ళ గురించి, దేవదాసీ కుటుంబాల స్త్రీల గురించి తక్కువ రాశారు. వీణ ధనమ్మాళ్ సంగతే చూడండి. జార్జిటౌనులో ఇంట్లోనే శుక్రవారం సాయంత్రాలు వీణ వాయించేవారు. పట్టుమని కొద్దిమందికే చోటు. క్షేత్రయ్య పదాలు ఆ ఇంట్లో బతికాయి. మన కృష్ణాతీరపు పదాలు చెన్నపట్నంలో ఒక తమిళ గృహంలో నిలిచాయన్నమాట. 1938లో ఆమె పోయారు. ఆమె వాయిద్యం ఎలా ఉండేదో మనకు తెలిసేది కొద్దిపాటి గ్రామఫోను రికార్డుల వల్ల, ఆ గదిలో కూర్చుని విని తరువాత రాసుకున్నవాళ్ళ వల్ల. మనవరాళ్ళు బాలసరస్వతి, బృంద, ముక్త ఆ పాఠాన్ని నిలబెట్టారు కనుక సరిపోయింది. అలాంటి మనవరాళ్ళు లేని ఇళ్ళు ఎన్నో! వాటి గురించి ఎవరూ రాయలేదు, పాటా లేదు.

ఇప్పుడు మనవాళ్ళకు కొంచెం చురుక్కుమనే చోటికి వస్తున్నాను.

1930ల్లో 'ఆనంద వికటన్' తమిళ వారపత్రికలో 'కర్నాటకం' అనే పేరుతో ఒకాయన కచేరీల మీద రాసేవారు. తమిళంలో ఆ మాటకు పాతకాలపు మనిషి అని కూడా వాడుక. ఆ పేరు పెట్టుకుని రాసింది కల్కి కృష్ణమూర్తి. శీర్షిక 'ఆడల్ పాడల్'. రాగలక్షణాల జోలికి పెద్దగా పోకుండా, సభలో కూర్చున్న మామూలు మనిషికి ఏమనిపించిందో నవ్వుతూ రాసేవారు. మృదంగం మోతకు పాట వినబడకపోతే అదే రాసేవారు. విద్వాంసులు పత్రిక కోసం భయపడుతూ ఎదురుచూసేవాళ్ళు. సంగీతం తెలియని ఇళ్ళల్లో కూడా ఆ సమీక్షలు చదివి సభలకు వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆయనే 1941 తరువాత తమిళ ఇశై ఉద్యమానికి పెద్ద కలంబలం అయ్యారు. ఆ ఏడాది అణ్ణామలై విశ్వవిద్యాలయంలో సమావేశం జరిగింది, 1943లో తమిళ ఇశై సంగం ఏర్పడింది. రాజా సర్ అణ్ణామలై చెట్టియారుగారి పూనిక. కచేరీలో తమిళ పాటలు చివర్న తుక్కడాలుగా మిగిలిపోతున్నాయి, వినేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ముఖ్యమైన పాటలు ఉండాలి అన్నది వాళ్ళ వాదన. అకాడమీవాళ్ళు, సంగీతానికి భాష అడ్డుపెట్టకండి అన్నారు. పత్రికల్లో ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి.

మనవాళ్ళలో కొందరు ఈ సంగతి ఎత్తితే ఇప్పటికీ, మన భాషను వెళ్ళగొట్టారు అంటారు. నేను అలా అనుకోను. ఉద్యమంలో తెలుగంటే గిట్టనివాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ కల్కి అడిగిన ప్రశ్న న్యాయమైనదే: అర్థం కాని మాటలకు జనం ఎన్నాళ్ళు తల ఊపుతారు? ఆ ప్రశ్నకు మనం ఇవ్వవలసిన జవాబు ఒకటుంది. తెలుగు సాహిత్యం ఇంత అందంగా ఉంటుంది, ఇదిగో అర్థం, ఇక్కడ పదం విరిచి పాడితే అర్థం చెడుతుంది అని ప్రతివారం నవ్వుతూ రాయగల మనిషి మన వైపు ఉండాలి. కల్కిలాగా ఇంటింటి నోళ్ళలో నానిన తెలుగు సంగీత సమీక్షకుడి పేరు ఒకటి చెప్పండి చూద్దాం.

పత్రికలు లేక కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో పెట్టిన 'ఆంధ్రపత్రిక' 1914లో దినపత్రికగా మద్రాసు నుంచే మొదలైంది. 'భారతి' 1924 నుంచి ఇక్కడినుంచే వచ్చింది. 'ఆంధ్రప్రభ' 1938లో ఈ ఊళ్ళోనే పుట్టింది. రాయగలిగినవాళ్ళు లేకా కాదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెబుతూ, సాహిత్యం, సంగీతం రెండూ తెలిసిన కలంతో రాశారు. 1974లో అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో మద్రాసు రేడియోలో చేరి, ఉద్యోగం చేసుకుంటూనే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాశారు. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇవన్నీ గొప్ప పనులే. అయితే ఇవి చరిత్రలు, వ్యాసాలు. నిన్న సాయంత్రం ఫలానా సభలో ఏమి జరిగిందన్న రాత వేరు. దానికి పేపరు వినేవాళ్ళున్న ఊళ్ళోనే ఉండాలి. 1953లో రాష్ట్రం విడిపోయింది, పత్రికలు ఒక్కొక్కటే కృష్ణ దాటాయి. వింటున్న తెలుగువాళ్ళు మద్రాసులో మిగిలారు, రాసే తెలుగు పేపర్లు విజయవాడ వెళ్ళాయి.

దాని ఫలితం ఇవాళ కళ్ళకు కనబడుతోంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1941లో, బాలమురళీకృష్ణగారు 1978లో, డాక్టరు శ్రీపాద పినాకపాణిగారు 1983లో, నేదునూరి కృష్ణమూర్తిగారు 1991లో సంగీత కళానిధులయ్యారు. వీళ్ళు ఈ ఊళ్ళో చేసిన కచేరీల మీద వెంటవెంటనే వచ్చిన రాతలు వెతకాలంటే ముందు చూడవలసినవి ఇంగ్లీషు పేపర్లు, తమిళ వారపత్రికలు. సమీక్షకులు రాగం గురించి రాస్తారు, నెరవు గురించి రాస్తారు, తని ఆవర్తనం గురించి రాస్తారు. సాహిత్యం దగ్గరికొచ్చేసరికి భావయుక్తంగా పాడారు అని ఒక మాటతో దాటేస్తారు. తప్పు వాళ్ళది కాదు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని అంకెలు వేసి ఖ, గ, ఘ అని గుర్తు పెట్టుకుంటారు. ఆ అంకెలు చూసుకుంటూ మన భాషను అంత శ్రద్ధగా పాడుతున్నారు. మన ఇంటి పిల్లలకు ఆ అంకెలు కూడా అక్కర్లేకుండా పోయాయి, యూట్యూబ్ చూసి ఇంగ్లీషులో రాసుకుంటున్నారు.

తరువాతి రోజుల గురించి త్వరగా చెప్పేస్తాను. సుబ్బుడు పేరు పెద్దలందరికీ తెలుసు. బర్మా నుంచి యుద్ధకాలంలో నడిచి వచ్చి, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ, డిసెంబరులో మద్రాసు వచ్చి విద్వాంసులను వణికించిన మనిషి. చురకలు కొన్ని అవసరానికి మించి ఉండేవని నా అభిప్రాయం. ఆయన చమత్కారం గుర్తున్నంతగా, ఆ రోజు పాడిందేమిటో చదివినవాళ్ళకు గుర్తులేదు. అంతకంటే నాకు నచ్చే పని 1983 అక్టోబరులో మొదలైన 'శ్రుతి' మాసపత్రిక. ఐక్యరాజ్యసమితిలో పనిచేసి తిరిగొచ్చిన ఎన్. పట్టాభిరామన్‌గారు నడిపారు. మరుగున పడ్డ విద్వాంసుల ఇళ్ళకు మనుషులను పంపి, మాట్లాడించి, ఫొటోలు తీయించి, పేజీలకు పేజీలు వేశారు. చేతి డబ్బు, మిత్రుల సాయం, రాసేవాళ్ళ ఓపిక మీద నడిచిన పత్రిక. 2002లో ఆయన పోయాక కూడా ఆగలేదు. 2017లో యునెస్కో చెన్నైను సంగీతానికి సృజనాత్మక నగరంగా చేర్చుకుంది. ఆ గౌరవం వెనక ఇలాంటి పాత కాగితాల బరువు కూడా ఉందని నేను అనుకుంటాను.

బెంగళూరు మిత్రులకు ఒక మాట. మీకు 1905 నాటి గాయన సమాజ ఉంది, చామరాజపేటలో 1939 నుంచి రామనవమి కచేరీలు జరిపే రామసేవా మండలి ఉంది, ద్వారంవారు పుట్టింది మీ ఊళ్ళోనే. మీ సంగతి మీరే రాయాలి. మద్రాసు నుంచి నేను రాస్తే అది విన్నకబురే అవుతుంది.

మా పెదనాన్నగారు రైల్వేలో గుమాస్తా. సభకు వెళ్ళినప్పుడల్లా కార్యక్రమం కాగితం జేబులో పెట్టుకుని, పాడిన వరసలో పాటలు పెన్సిలుతో రాసుకునేవారు. రాగం తెలియకపోతే ప్రశ్నగుర్తు. ఎవరైనా పాట మధ్యలో మాట విరిచి పాడితే అక్కడ చిన్న గీత. ఇంటికొచ్చి పెద్దమ్మకు ఆ గీతలు చూపించి విసుక్కునేవారు. ఆయన పోయాక ఆ కట్ట పాత పేపర్లతోపాటు తూకానికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఎవరికీ అది ఏమిటో తెలియదు. ఇలాంటి కట్టలు మన సంఘంలో పాతికిళ్ళలోనైనా ఉంటాయి. షావుకారుపేట, పెరంబూరు, టీ నగరు ఇళ్ళు అపార్టుమెంట్లకు ఇస్తున్నారు, అటకలు ఖాళీ అవుతున్నాయి.

అందుకని సంఘం హాలులో వచ్చే నాలుగు ఆదివారాలు పొద్దున పదింటి నుంచి స్కానరు పెడుతున్నాం. సభ కార్యక్రమాల కాగితాలు, పెళ్ళి కచేరీల శుభలేఖలు, తెలుగు లిపిలో ఉన్న పాత పాటల పుస్తకాలు, పెద్దల డైరీలు ఏవైనా తీసుకురండి. తీసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. తెలుగు చదవడం వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరు, కంప్యూటరు తెలిసిన పిల్లలు ఇద్దరు చొప్పున ఒక్కో బల్ల దగ్గర కూర్చోవాలి. పిల్లలకు చదవడం రాకపోయినా పరవాలేదు, పక్కన పెద్దవాళ్ళు చదివి చెబుతారు. రాలేనివాళ్ళు ఇంట్లోనే ఫోనుతో తీసి పంపండి. తేదీ, సభ పేరు, పక్కవాద్యాల వాళ్ళ పేర్లు స్పష్టంగా కనబడాలి. కాగితం వెనకవైపు కూడా తీయండి. మా పెదనాన్నగారు రాసుకున్నదంతా వెనకవైపే ఉండేది.